దెబ్బకు మనం పెట్టే పేరు

సందేహాలు – సమాధానాలు

కిందటి నెల ఈ పేజీలో వీధి కొట్లాటలు చూసిన పిల్లల గురించి నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉత్తర చెన్నై నుంచే. తొండియార్‌పేట, కొరుక్కుపేట, కాశిమేడు, వ్యాసర్‌పాడి. నేను పుట్టిందీ ఈ పేటల్లోనే, పాతికేళ్లుగా పిల్లల మనసుల గురించి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నదీ ఇక్కడే. అందుకే ఆ ఉత్తరాలు చదువుతుంటే వీధులతో సహా కళ్ల ముందు కదిలాయి. రాసినవాళ్ల పేర్లు, ఇంటి గుర్తులు తీసేశాను. పిల్లల ఉత్తరాలకు పిల్లలతో మాట్లాడినట్టే జవాబిచ్చాను.

*

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒక మనిషిని నరికారు. ట్యూషన్ నుంచి వస్తూ వీడు చూశాడు. ఇంటికొచ్చి సినిమా కథ చెప్పినట్టు చెప్పి, నాలుగు చపాతీలు తిని పడుకున్నాడు. మర్నాడు స్నేహితులతో ఫోన్లో నవ్వుతూ 'సంబవం' అంటున్నాడు. ఒక్క కన్నీటి చుక్క లేదు. వీడి మనసు బండబారిపోయిందా? నాకు ఆ హత్య కంటే వీణ్ణి చూస్తేనే భయంగా ఉంది.
– ఒక తల్లి, నేతాజీనగర్

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట చెప్పండి. అబ్బాయి ఆ సంగతి మీకు ఏ భాషలో చెప్పాడు?

ఊరికే అడగడం లేదు. మన పేటలో తెలుగు పిల్లలకు ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి. ఆకలి, జ్వరం, అలక, భయం తెలుగులో. క్రికెట్టు, బస్సు, తగవు, కత్తి తమిళంలో. ఇలాంటివి చూసి నా దగ్గరికి వచ్చే పిల్లలు దాదాపు ప్రతిసారీ 'పోట్టుట్టాంగ' అని మొదలుపెడతారు. మన 'వేసేశారు' లాంటి మాట. ఎవరు వేశారో, ఎవరు పడ్డారో అందులో ఉండదు. 'సంబవం' కూడా అంతే. ఏదో జరిగింది, అంతవరకే. చేసినవాడూ కనపడడు, చచ్చినవాడూ కనపడడు. పొయ్యి మీది గిన్నె దించేటప్పుడు మీరు మసిగుడ్డ పట్టుకోరూ? ఆ మాటలు వాడికి మసిగుడ్డ. గిన్నె వేడిగా లేదని కాదు, చేతులు కాలతాయనే పట్టుకున్నాడు.

ఒక అబ్బాయి నా ఎదుట కూర్చుని అరగంట సేపు తమిళంలో ఎంతో హుషారుగా చెప్పుకుంటూ పోయాడు. ఎన్ని బండ్లు వచ్చాయి, ఎటు పారిపోయారు, అన్నీ. చివర్లో ఉన్నట్టుండి తెలుగులోకి వచ్చి, "ఆయన చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది" అన్నాడు. ఇక నోట మాట రాలేదు. ఆ చెప్పు దగ్గర ఉంది వాడి భయం. మీ అబ్బాయికీ అలాంటిదేదో ఒకటి ఉండి ఉంటుంది. దాన్ని మీరు తవ్వి తీయొద్దు. "భయమేసిందా?" అంటే ఆ వయసు మగపిల్లవాడు "లేదు" అనే అంటాడు. అన్నం పెట్టేటప్పుడో, మిద్దె మీద బట్టలు తీసేటప్పుడో మీరే మీ మాటగా చెప్పండి: "నాకైతే ఆ టీకొట్టు ముందు నుంచి వెళ్లాలంటే కాళ్లు ఆడటం లేదురా." పెద్దవాళ్లు భయపడొచ్చని తెలిస్తే, వాడికి భయపడటానికి అనుమతి దొరుకుతుంది. అప్పుడే చెబుతాడా, వారానికి చెబుతాడా అన్నది వాడిష్టం.

కన్నీళ్లు లెక్కపెట్టకండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నిద్రలో ఉలిక్కిపడుతున్నాడా, ట్యూషన్‌కు దారి మార్చుకున్నాడా, బండి సైలెన్సర్ పేలితే తుళ్లిపడుతున్నాడా, తినేవాడు మానేశాడా, చిన్నదానికి చెల్లెలి మీద విరుచుకుపడుతున్నాడా, బ్యాగులో ఏదైనా దాచుకు తిరుగుతున్నాడా. ఒక నెల దాటినా ఇవి తగ్గకపోతే స్టాన్లీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. బ్యాగులో పదునైనది కనబడితే మాత్రం నెల ఆగకండి, మర్నాడే వెళ్లండి. అంత దూరం వద్దనుకుంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, ఉచితం.

ఇంకొకటుంది. ఇది చాలామంది తల్లులు పట్టించుకోరు. చచ్చిపోయినాయన గురించి ఇంట్లో ఏమనుకున్నారు? "వాడూ రౌడీయేలే, ఎప్పటికైనా ఇంతే" అని ఎవరో ఒకరు అనే ఉంటారు. పన్నెండు దాటిన పిల్లలు హింసను చూసినప్పుడు మొదట చేసే పని లెక్క వేయడం: వీడికి తగినదేనా, కాదా? ఆ లెక్కకు కొలబద్ద మన నోటి నుంచే తీసుకుంటారు. 'రౌడీయేలే' అన్న మాటతో మనం ఒక ప్రాణాన్ని లెక్కలోంచి తీసేశాం. రేపు వాడు తన బడిలో ఎవరినో ఒకరిని అలాగే తీసేయగలడు. కాబట్టి ఒక రాత్రి మెల్లగా అనండి: "ఆయన ఇంట్లో ఎవరున్నారో ఏమో. మీ బడిలో చదివే పిల్లలున్నారేమో." వాడు జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ప్రశ్న వాడి దగ్గర ఉంటుంది.

టీవీలో, ఫోన్లో ఆ సీసీ కెమెరా దృశ్యాలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. ఇంట్లో ఎవరూ చూడకండి, ఎవరికీ పంపకండి. పోలీసులు వచ్చి అడుగుతారేమోనని మీకు దిగులుంటే, 15 ఏళ్లలోపు పిల్లలను సాక్ష్యం అడగడానికి స్టేషన్‌కు పిలవకూడదని చట్టంలోనే ఉంది. ఇంటి దగ్గరే మాట్లాడాలి. మీరు పక్కన కూర్చోండి.

*

ప్రశ్న: మా మనవడు రోజంతా ఫోన్లో తుపాకీ ఆట ఆడుతుంటాడు. ఇలా ఆడితే హంతకులవుతారని అంటున్నారు. నిజమా?
– ఒక తాతగారు, టోల్‌గేట్

జవాబు: కాదండీ. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో దీని మీద వచ్చిన పరిశోధనలన్నీ మళ్లీ పరిశీలించింది. అరవడం, తోసేయడం వంటి దుడుకుతనంతో ఈ ఆటలకు కొద్దిపాటి సంబంధం కనిపించింది, నేరాలకూ హత్యలకూ కారణమనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. 2012 ఫిబ్రవరి 9న మన పక్కనే, ఆర్మేనియన్ వీధిలోని ఒక బడిలో, తొమ్మిదో తరగతి కుర్రవాడు తన టీచరును తరగతి గదిలోనే పొడిచి చంపినప్పుడు కూడా ఊరంతా వాడు చూశాడన్న హిందీ సినిమా గురించే మాట్లాడింది. సినిమాను తిట్టుకుంటే మన పని తేలిక అవుతుంది. మీ మనవడి విషయంలో నన్ను బాధించేది 'రోజంతా' అన్న మాట. మీరు పక్కన కూర్చుని ఆ ఆట ఎలా ఆడాలో నేర్పమనండి. వాడు ఎవరితో ఆడుతున్నాడో, ఎలాంటి తిట్లు వింటున్నాడో పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది.

*

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా నుంచి 22 ఏళ్ల కిందట వచ్చి హార్బరులో పని చేసుకుంటున్నాను. తాగుడు లేదు, అప్పు లేదు. మా నాయన నన్ను ముల్లుగర్రతో కొట్టి పెంచాడు, అందుకే మనిషినయ్యాను. మా వాడికి 15 ఏళ్లు. వీధి సావాసాలు మరిగాడని బెల్టు తీశాను. బడిలో టీచరమ్మ వాడి వీపు చూసి నన్ను పిలిపించి, "ఇది హింస" అంది. కన్నకొడుక్కి భయం చెప్పుకోవడం హింస ఎట్లా అవుతుంది? మొక్కై వంగనిది మానై వంగుతుందా?
– ఒక తండ్రి, కొరుక్కుపేట

జవాబు: అయ్యా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొడుకు వీధిపాలు కాకూడదన్న తపన ప్రతి వాక్యంలో ఉంది. దాన్ని నేను శంకించడం లేదు. కానీ టీచరమ్మ చెప్పింది నిజం.

మీరు రాసిన 'భయం చెప్పడం' అన్న మాటే తీసుకుందాం. దెబ్బలకు మన దగ్గర ఎన్ని పేర్లున్నాయో చూడండి. తండ్రి కొడితే భయం చెప్పడం. పంతులు కొడితే దండన. మొగుడు కొడితే సంసారంలో మామూలే. పోలీసు కొడితే ట్రీట్‌మెంట్. కుర్రాళ్లు కొట్టుకుంటే సంబవం. 'హింస' అన్న పేరు మాత్రం ఎప్పుడూ ఎవరో పరాయివాడు, మనకు నచ్చనివాడు కొట్టినదానికే దాచిపెట్టుకుంటాం. మీ అబ్బాయి ఈ పేర్ల పట్టిక ఏనాడో కంఠస్థం చేశాడు. వాడి వయసు పిల్లలను "నువ్వెప్పుడైనా హింస చూశావా?" అని అడిగితే లేదంటారు. "ఎవరినైనా కొట్టడం చూశావా?" అంటే వేళ్లు మడిచి లెక్కపెడతారు. నిన్న రాత్రి అమ్మ, మొన్న బడిలో పక్క బెంచివాడు, అటు మొన్న తను.

ఇది మన పేట గొడవ మాత్రమే కాదు. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో 2002 నుంచి మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంట ఉండి గమనిస్తున్న 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం ఉంది. అందులో ఎనిమిదేళ్ల పిల్లల్లో నూటికి 78 మంది, పదిహేనేళ్లవాళ్లలో 34 మంది అంతకుముందు వారంలోనే బడిలో దెబ్బలు తిన్నామన్నారు. బడిలో కొట్టకూడదని చెప్పిన 2009 విద్యాహక్కు చట్టం వచ్చిన రోజుల సంగతి ఇది. అదే అధ్యయనంలో పిల్లలతో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే, కొందరు "కొడితేనే చదువు వస్తుంది" అని తామే అన్నారు. దెబ్బ తిన్నవాడే దెబ్బకు మంచి పేరు పెట్టుకోవడం ఇది. పెద్దయ్యాక ఏమవుతుందో మరో లెక్క చెబుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నూటికి 84 మంది ఆడవాళ్లు, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్నారు. ఆడవాళ్లే, అయ్యా. పదిహేనేళ్ల అమ్మాయిలు కూడా ఉన్నారు వాళ్లలో.

కొట్టాక వాడు ఆ సావాసాలు మానేశాడనుకుందాం. ఏం నేర్చుకుని మానేశాడన్నది చూడాలి. 1965లో బండూరా అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లలకు ఒక సినిమా ముక్క చూపించాడు. ఒక పెద్దమనిషి పెద్ద బొమ్మను చితకబాదుతాడు. కొందరు పిల్లలకు, ఆ మనిషి తర్వాత చీవాట్లు తిన్నట్టు చూపించాడు. వాళ్లు బొమ్మ జోలికి తక్కువగా పోయారు. శిక్ష పనిచేసిందనిపిస్తుంది కదా? ఆ తర్వాత, చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామన్నారు. చీవాట్లు చూసిన పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. అంతా నేర్చుకునే ఉన్నారు. భయం వల్ల చేయలేదు, అంతే. మీ బెల్టు కూడా అదే చేస్తుంది. మీరు చూస్తున్నంతసేపు ఆపుతుంది. చెయ్యెత్తడం ఎలాగో మాత్రం నేర్పుతుంది, దాన్ని వాడు మీకంటే చిన్నవాడి మీద, లేదా రేపు వచ్చే పెళ్లాం మీద వాడతాడు.

మీరు మనిషయ్యారు, నిజం. అది ముల్లుగర్ర వల్లనా, ఆ ముల్లుగర్రను దాటుకునా? మీ నాయన చేతి దెబ్బలు గుర్తున్నాయి సరే. మీరు ఏడుస్తుంటే దగ్గరికి తీసినవాళ్లెవరో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక మొక్క సంగతి. మొక్కను వంచాలంటే పక్కన కర్ర పాతి మెత్తటి తాడుతో కడతాం. కొట్టం. సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు వాడు ఎక్కడుంటాడో చూడండి, సావాసాలు మరిగేది ఆ మూడు గంటల్లోనే. మీకు షిఫ్టు లేని రోజుల్లో ఆ వేళకు ఇంట్లో ఉండండి. ఆ స్నేహితులను ఒకసారి ఇంటికి పిలిచి టీ ఇప్పించండి. తప్పు చేస్తే ఫోన్ తీసుకోండి, డబ్బు ఆపండి, ఎన్ని రోజులో ముందే చెప్పండి, చెప్పిన రోజుకు తిరిగి ఇచ్చేయండి. కోపం నెత్తికెక్కితే ఇంట్లోంచి బయటికి నడవండి. అన్నిటికంటే ముందు, వాడి వీపు మీది గుర్తులు మానకముందే, "కొట్టడం నాదే తప్పురా" అనండి. తండ్రి కొడుకుకు క్షమాపణ చెప్పడం మన ఇళ్లలో ఆచారం లేదని తెలుసు. నేను చూసిన ఇళ్లలో, చెప్పిన తండ్రి మాటకు విలువ పెరిగిందే కానీ తగ్గలేదు.

*

ప్రశ్న: మేడమ్, నేను ప్లస్ వన్. మా బస్సు రూట్‌లో సీనియర్లు చెప్పినట్టు వినాలి. అవతలి బడి వాడొకడు మా ఫ్రెండును మొరైచ్చాడట. శుక్రవారం బస్టాపు దగ్గర అందరూ రమ్మన్నారు. నేను ఎవరినీ కొట్టను, ఊరికే నిలబడతాను. వెళ్లకపోతే పిరికివాడంటారు, ఇక ఎవరూ మాట్లాడరు. వెళ్తే తప్పా?
– 16 ఏళ్ల అబ్బాయి, తొండియార్‌పేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఆ శుక్రవారం దాటిపోయింది. వెళ్లావో లేదో తెలియదు. అది తలచుకుంటే మనసు ఊరుకోవడం లేదు. ఇంకో శుక్రవారం వస్తుంది కాబట్టి రాస్తున్నాను.

'ఊరికే నిలబడతాను' అన్నావు. 2024 అక్టోబరులో సెంట్రల్ స్టేషన్ దగ్గర రెండు కాలేజీల విద్యార్థుల తగవులో 19 ఏళ్ల కుర్రాణ్ణి గుంపుగా కొట్టారు. కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ గుంపులో ప్రతివాడూ చంపుదామనే బయల్దేరాడనుకుంటున్నావా? చట్టం మాత్రం గుంపు కట్టి ఒక పనికి వెళితే, కత్తి ఎవరి చేతిలో ఉన్నా అందరినీ బాధ్యులుగానే చూస్తుంది. నీకు 16 నిండాయి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 16 నుంచి 18 లోపువాళ్లు హత్య లాంటి ఘోరమైన నేరంలో ఇరుక్కుంటే, బోర్డు విచారించి పెద్దవాళ్లలాగే కేసు నడపమని పంపవచ్చు. నిన్ను బెదిరించడానికి చెప్పడం లేదు. నిన్ను పిలిచినవాళ్లు ఇది చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

నీ మనసు గురించి కూడా ఒక సంగతి తెలుసుకో. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 2005లో కారు నడిపే కంప్యూటర్ ఆటతో ఒక పరీక్ష చేశారు. ఒంటరిగా ఆడినప్పుడు కంటే, తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు నీ వయసువాళ్లు చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఇంట్లో కూర్చుని నువ్వు రాసిన 'ఎవరినీ కొట్టను' అన్న మాట నిజమే. బస్టాపులో ఇరవైమంది మధ్య నిలబడే నువ్వు ఈ ఉత్తరం రాసిన నువ్వు కాదు. అందుకే నిర్ణయం ఇంట్లోనే అయిపోవాలి.

మొరైచ్చాడన్నావు. గుడ్లురిమి చూశాడని. ఆ చూపు నువ్వు చూశావా? ఎండ కళ్లలో పడి ఉండొచ్చు, నిద్ర లేక ఉండొచ్చు, వాడికే భయమేసి చూసి ఉండొచ్చు. తరచు కొట్లాటల్లోకి దిగే పిల్లలు ఎటూ కాని చూపును కూడా శత్రువు చూపుగానే చదువుతారని కెన్నెత్ డాడ్జ్ అనే ఆయన 1980 నుంచి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. మన పేటలో ఎన్ని ప్రాణాలు ఒక్క చూపు దగ్గర మొదలైన గొడవలో పోయాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఎలా తప్పుకోవాలి? గుంపు ముందు చెప్పకు, ముందు రోజు ఒక్కడికి చెప్పు. ఇంటి మీద నెట్టెయ్యి. "మా నాయన బయటికి పంపడం లేదు" అనడంలో సిగ్గేమీ లేదు, అబద్ధమైనా నేను తప్పుపట్టను. ఆ ఇరవైమందిలో నీలాగే వెళ్లాలని లేనివాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. ప్రతివాడూ తానొక్కడే పిరికివాణ్ణనుకుని నోరు మూసుకుంటాడు. నీకు బాగా దగ్గరివాణ్ణి అడిగి చూడు. కత్తులు వస్తున్నాయని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పు. దాన్ని కాట్టిక్కొడుక్కడం, అంటే తోటివాళ్లను పట్టివ్వడం, అంటారని తెలుసు. చెబితే ఆగేది నీ స్నేహితుడి చావు కూడా కావచ్చు.

గెత్తు, అంటే దర్జా, కావాలనుకోవడం తప్పు కాదు. నలుగురూ నన్ను చూడాలి అనిపించే వయసే నీది. మన పక్కనే, ఆటో నడిపే తండ్రి కూతురు ఖాజిమా 2024లో అమెరికాలో క్యారమ్స్ ప్రపంచ పోటీలు ఆడి మూడు బంగారు పతకాలతో దిగింది. ఆమె వీధిలోకి వచ్చిన రోజు పేటంతా గెత్తుగా ఉంది. ఆ రోజు ఎవరూ ఎవరినీ మొరైచ్చలేదు.

నాకు మళ్లీ ఉత్తరం రాయి. శుక్రవారం ఏమైందో చెప్పు. వెళ్లి ఉన్నా సరే, రాయి.

*

ప్రశ్న: ఎనిమిదో తరగతికి పాఠం చెబుతాను. మా తరగతిలో తెలుగు పిల్లవాడొకడు ఎప్పుడూ నోరెత్తడు. మొన్న పక్కవాడి చేతిలో కంపాస్ ముల్లు దించాడు. బడి వాణ్ణి పది రోజులు పంపించేసింది. వాణ్ణి అడిగితే, "గొల్టి గొల్టి అంటున్నారు" అన్నాడు. మిగతా పిల్లలు "సరదాకే టీచర్" అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ముల్లు గుచ్చడం తప్పు. అది వాడికి చెప్పాల్సిందే, గాయపడ్డ పిల్లవాడికి క్షమాపణ చెప్పించాల్సిందే. ఆ తర్వాత తరగతి మొత్తానికి ఒక పని పెట్టండి. పేరు రాయకుండా ఒక్క వాక్యం రాయమనండి: "ఈ గొడవ ఎప్పుడు మొదలైంది?" చాలామంది మొన్నటి తేదీ వేస్తారు. వీడు జూన్ నెల వేస్తాడు. ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూపించండి. ఒకే గొడవకు ఇన్ని పుట్టినరోజులు ఎందుకున్నాయని అడగండి. హింస గురించి ఆ వయసులో నేర్పగలిగింది ఇంతకంటే ఎక్కువ లేదని నా అనుభవం. చేసినవాడి లెక్క దెబ్బతో మొదలవుతుంది, పడ్డవాడి లెక్క ఎంతో ముందు మొదలవుతుంది.

తెలుగువాళ్లను వెక్కిరించే ఈ 'గొల్టి' మాట నేనూ విన్నాను, ఇదే వీధుల్లో, పదేళ్లప్పుడు. నవ్వినవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి, అన్నవాడి ముఖం గుర్తు లేదు. మీ తరగతిలో మాట అన్నది ఇద్దరే కావచ్చు, నవ్వినవాళ్లతోనే మాట్లాడండి.

పేర్లతో మొదలయ్యేది ఎక్కడిదాకా పోతుందో 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో చూశాం. ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికి వెళ్లి కొడవళ్లతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెల్నీ నరికారు. అంతకుముందు బడిలో ఎన్నో నెలల వేధింపు ఉంది. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని చూపించే చేతి తాళ్లు, ఉంగరాలు, బొట్లు బడిలో నిషేధించాలని సిఫారసు చేసింది. మంచిదే. నాలుక మీది తాళ్లను తెంచే పని మాత్రం మీలాంటివాళ్లదే.

మీకు వీలైతే ఆ పిల్లవాడు తిరిగి వచ్చిన వారంలో, మెట్రోలో 'సర్ త్యాగరాయ కాలేజ్' స్టేషన్ ఎవరి పేరో పిల్లలను అడగండి. పిట్టి త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు మాట్లాడే నేత కుటుంబంలో పుట్టాడు. నగర కార్పొరేషన్ అధ్యక్షుడిగా 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించాడు. ఇవాళ మీ బడిలో తమిళ పిల్లలూ తెలుగు పిల్లలూ కలిసి తింటున్న అన్నానికి మొదటి ముద్ద అది. తెలుగువాడని ఆ పిల్లవాణ్ణి ప్రత్యేకంగా నిలబెట్టి చెప్పకండి. మామూలు పాఠంలా చెప్పండి. వాడు విన్నాడో లేదో మీకే కనపడుతుంది.

*

ప్రశ్న: మేడమ్, నాకు 15. మెట్రో దిగి ఇంటికి వచ్చేదాకా ఒకడు రెండు నెలలుగా వెంట వస్తున్నాడు. ముట్టుకోడు, ఏమీ అనడు. మా అన్నకు చెబితే వాణ్ణి కొడతానంటాడు. అమ్మకు చెబితే "ఏమీ చేయలేదు కదా, తల వంచుకుని రా" అంటుంది. నా ఫ్రెండు "లవ్వేమో" అంటోంది. వాడు ఏమీ చేయనట్టేనా?
– తొండియార్‌పేట

జవాబు: చేశాడమ్మా. రెండు నెలలుగా నీ దారి నీది కాకుండా చేశాడు. నీకు భయం పుట్టిన రోజునే అది మొదలైంది, ముట్టుకునేదాకా ఆగక్కర్లేదు. 18 లోపు ఆడపిల్లను లైంగిక ఉద్దేశంతో పదే పదే వెంబడించడం 2012 పోక్సో చట్టంలోనే నేరం. ఫోన్లో వెంటపడినా అంతే.

ఆ ముగ్గురూ నీ మీద ప్రేమతోనే మాట్లాడారు. అన్నకు దెబ్బ మాత్రమే కనిపిస్తుంది, అందుకే జవాబుగా దెబ్బే తోచింది. అమ్మకు దెబ్బ కనపడలేదు, అందుకే ఏమీ జరగలేదంది. నీ స్నేహితురాలికి వెంటపడటమే ప్రేమ అని సినిమాలు నేర్పాయి. 2016 జూన్‌లో నుంగంబాక్కం స్టేషన్‌లో, 2022 అక్టోబరులో పరంగిమలై స్టేషన్‌లో హత్యకు గురైన ఇద్దరమ్మాయిలూ అంతకుముందు ఇలా వెంటపడ్డ మనుషులను భరించినవాళ్లే. వెంట వచ్చేవాడు ప్రతివాడూ అంతకు తెగిస్తాడని కాదు. 'ఏమీ చేయలేదు కదా' అనుకుంటూ ఎదురుచూడటం మన పని కాదని చెబుతున్నాను.

ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ చొక్కా అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకో. స్టేషన్‌లో కెమెరాలున్నాయి, సిబ్బందికి చెప్పు. అమ్మకు ఈ జవాబు చదివి వినిపించు. ఆమెతో కలిసి మహిళా పోలీసు స్టేషన్‌కు వెళ్లు, లేదా 1098కి, మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చెయ్యి. అన్నను కొట్టవద్దని చెప్పు, కొడితే కేసు అన్న మీదికి తిరుగుతుంది, వాడు తప్పించుకుంటాడు. కొన్నాళ్లు సాయంత్రం స్టేషన్ దగ్గరికి వచ్చి నీ పక్కన నడవమను. తల మాత్రం వంచకు.

*

ప్రశ్న: అక్కా, నాకు 13. మా నాయన ఒక కేసులో పుళల్ జైల్లో ఉన్నాడు. అప్పటినుంచి బడిలో నన్ను ఎవరూ ఏడిపించడం లేదు. పెద్ద క్లాసు అన్నలు కూడా టీ ఇప్పిస్తున్నారు. మొదట బాగుండేది. ఇప్పుడు నేను ఆటలో ఔటైనా ఔటనడం లేదు. నేను కూడా మా నాయనలాగ అవుతానా?
– వ్యాసర్‌పాడి

జవాబు: నాన్నా, ఔటైనా ఔటనడం లేదని నీకు బాధగా ఉంది చూశావా, ఆ బాధ నాకు చాలా నచ్చింది. వాళ్లు ఇస్తున్నది మర్యాద కాదనీ, భయమనీ నీ అంతట నువ్వే కనిపెట్టావు. పెద్దవాళ్లు చాలామంది జీవితమంతా ఆ రెండూ ఒకటేననుకుంటారు.

నాన్న చేసింది నాన్నది. రక్తంలో రాదు. ఆయన మీద నీకు ప్రేమ ఉండొచ్చు, కోపం ఉండొచ్చు, ఒకే రోజు రెండూ ఉండొచ్చు. అమ్మతో కలిసి ములాఖాత్‌కు వెళ్లాలనిపిస్తే వెళ్లు, లేదంటే మానెయ్. దానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. టీ ఇప్పించే అన్నలు ఏదో ఒక రోజు ఏదో ఒకటి చేతికిచ్చి "దాచిపెట్టు" అంటారు. ఆ రోజు రాకముందే అమ్మకో, నీకు నచ్చిన టీచరుకో వాళ్ల గురించి చెప్పి ఉంచు.

రేపు ఆటలో ఔటైతే బ్యాటు కింద పెట్టి నువ్వే నడిచి వచ్చెయ్. ఎవరూ అనకముందే.